ఉక్కు సైకిలు : పుట్టుక, పరుగు, పునరుద్ధరణ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, నేను పాత సైకిళ్ళను గూర్చి వ్రాసెదనని చెప్పితిని. పుస్తకమునకును సైకిలునకును సంబంధమేమని వారు పైకి అడుగలేదు గాని, వారి మౌనమే అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము. పాత ఉక్కు సైకిలును బాగుచేసి తిరిగి త్రోవ పట్టించువానికి అన్నిటికంటె ముందు కావలసినది సుత్తియు కాదు, స్పానరును కాదు. కొలతలు వ్రాసిపెట్టిన కాగితము. ఆ కాగితము లేనిచో ఎంత మేలైన ఉక్కైనను తుక్కు క్రింద లెక్క. ఈ సత్యమును నేను చదివి తెలిసికొనలేదు, నష్టపడి తెలిసికొంటిని. ఆ కథ ముందు రాగలదు. మొదట చరిత్రను కొంత చూతము.

సైకిలు పుట్టుక

1817లో జర్మనీదేశమునందలి మన్‌హైమ్ నగరమున కార్ల్ ఫాన్ డ్రైస్ అను నతడు రెండు చక్రములను ఒక దూలమునకు తగిల్చి, దానిపై కూర్చుండి, కాళ్ళతో నేలను తన్నుచు ముందుకు సాగెను. అది కఱ్ఱబండి. దానికి పెడళ్ళు లేవు, చెయిను లేదు. తరువాత పెడళ్ళు ముందుచక్రమునకు వచ్చెను. వేగము కొఱకు ఆ చక్రమును పెంచుచు పోగా, మనిషి ఎత్తు చక్రముపై కూర్చుండి ప్రాణములను అరచేత పెట్టుకొని పోవలసిన దుస్థితి కలిగెను. 1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ ఆ యాతనను తొలగించెను. అతడు ‘రోవర్’ అను పేర, దాదాపు సమానమైన రెండు చక్రములును, వెనుకచక్రమునకు చెయినును గల సైకిలును నిర్మించెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయ్‌డ్ డన్‌లప్ గాలి నింపిన టైరునకు పేటెంటు పొందెను. ఈ రెండును కలిసిన నాటినుండి సైకిలు సామాన్యుని వాహనమైనది. నేడు మన వీధిలో పోవు సైకిలు ఆకారము స్టార్లీ సైకిలునకు మనుమడే.

ఆకారము కుదిరిన తరువాత మిగిలిన సమస్య బరువు. ఫ్రేము గొట్టములు మందముగ నున్న బరువెక్కును. పలుచగ నున్న అతుకులవద్ద విరుగును. ఏలయన, బరువు ఒత్తిడి యంతయు గొట్టముల కొనలయందే పడును గాని నడుమ పడదు. బర్మింగ్‌హామ్ నగరమున మేకులు చేయు వృత్తిగల రేనాల్డ్స్ కుటుంబములోని ఆల్‌ఫ్రెడ్ మిల్‌వర్డ్ రేనాల్డ్స్ ఈ చిక్కును విప్పెను. పైచుట్టుకొలత అంతటను ఒక్కటిగనే యుండి, లోపలి గోడ మాత్రము కొనలయందు దళసరిగను, నడుమ పలుచగను ఉండునట్లు గొట్టమును లాగు విధానమునకు 1897లో పేటెంటు పుచ్చుకొని, మరుసటి యేడు ఆ గొట్టములకై కంపెనీ నెలకొల్పిరి. వెదురుబొంగు కణుపులవద్ద దళసరిగను, కణుపుల నడుమ పలుచగను ఉండుట మనమెరిగినదే. ప్రకృతి వెదురునకు నేర్పిన పాఠమును మనుష్యుడు ఉక్కునకు నేర్పెనన్నమాట.

1935లో ఆ కంపెనీయే మాంగనీసు, మాలిబ్డినము కలిపిన ఉక్కుతో ‘531’ అను గొట్టమును తెచ్చెను. తరువాతి నలుబది ఏండ్లు మేలైన ఇంగ్లీషు సైకిలనగా 531 గొట్టముల సైకిలే. ఈ గొట్టములను నేరుగ కరిగించి వెల్డింగు చేసిన బలము తగ్గును. అందుచేత కొనలను ఉక్కుతొడుగులలో దూర్చి, ఉక్కు కరుగనంత తక్కువ వేడిమిలో ఇత్తడినో వెండినో కరిగించి ఆ సందులలోనికి పారించెడివారు. ఈ ఒక్క విషయము జ్ఞాపకముంచుకొనవలెను. ఇత్తడి అతుకు కనుక మరల కాచి విప్పవచ్చును. విరిగిన గొట్టమును తీసి కొత్తది వేయవచ్చును. కొంచెము వంగినచో నిపుణుడు చేతితోనే సరిచేయవచ్చును. అల్యూమినియమునకు గాని, కార్బను నారకు గాని ఈ ఓర్పు లేదు. పాత ఉక్కు సైకిలు మరల బ్రతుకగలుగుటకు రహస్యమిదియే.

వారమంతయు పని, ఆదివారము పందెము

పాత పందెపు సైకిలునకు మడ్‌గార్డులు తగిలించి, దీపము పెట్టి, సంచులు వ్రేలాడవేసి నిత్యము తొక్కుట దానికి అపచారమని కొందరు తలంతురు. గుఱ్ఱపుపందెములలో గెలిచిన గుఱ్ఱమును జట్కాకు కట్టినట్లని వారి భావము. కాని చరిత్ర ఇందుకు విరుద్ధముగ సాక్ష్యమిచ్చుచున్నది.

ఇంగ్లండున పందొమ్మిదవ శతాబ్ది చివర, బాటలపై గుంపుగ పందెములు పెట్టుటను పోలీసులు సహింపరైరి. అప్పుడు ఎఫ్. టి. బిడ్లేక్ 1895లో ఒక ఉపాయమును ఆచరణలో పెట్టెను. పందెగాండ్రు కలిసి పరుగెత్తక, ఒక్కొక్కరుగ కొన్ని నిమిషముల ఎడముతో బయలుదేరుదురు. ఎవరికి తక్కువ కాలము పట్టిన వారు గెలిచినట్లు. ఈ పందెములు తెల్లవారుజామున జరిగెడివి. ఎవరి కంటను పడకుండ భుజములనుండి కాలిమడమలవరకు నల్లని దుస్తులు ధరించెడివారు. పందెపు దారులకు సంకేతాక్షరములే గాని పేర్లుండెడివి కావు. 1942లో పెర్సీ స్టాలర్డ్ లాంగోలెన్ నుండి వుల్వర్‌హాంప్టనుకు గుంపుపందెము నడిపినప్పుడు అధికారసంఘము అతనిని వెలివేసినదన్న, ఆ నియమమెంత గట్టిదో ఊహింపవచ్చును.

ఈ పందెగాండ్రలో ఎక్కువమంది కార్ఖానా పనివారు, గుమాస్తాలు. వారికి రెండు సైకిళ్ళు కొను శక్తి లేదు. ఆరు దినములు ఏ సైకిలుపై పనికి పోయిరో, ఏడవదినమున దానిపైననే పందెమునకు పోయిరి. తేలికైన పందెపు చక్రములను ముందు ఇరుసునకు రెండువైపుల తగిల్చిన కొక్కెములపై మోసికొనిపోయి, అచ్చట మడ్‌గార్డులు విప్పి, చక్రములు మార్చి, పందెము ముగియగనే మరల అన్నియు బిగించుకొని ఇంటికి వచ్చెడివారు. అనుమానమున్నవారు ఆనాటి ఫ్రేమును పరీక్షింపవచ్చును. ఫోర్కుకొనలయందు మడ్‌గార్డు కమ్మీలు బిగించు కన్నములుండును. ఫోర్కుకాలిపై దీపమునకు చిన్న దిమ్మె యుండును. టైరునకును ఫ్రేమునకును నడుమ మడ్‌గార్డు పట్టునంత చోటుండును. అలంకారమునకు ఎవ్వరును కన్నములు చేయరు గదా! కావున పాత పందెపు సైకిలును నిత్యవాహనముగ మార్చుట కొత్త వింత కాదు. అది పుట్టినింటికి తిరిగివచ్చుట.

క్షీణదశ, పునరుద్ధరణ

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండున మోటారుకారు సామాన్యునకు అందినకొలది సైకిలు వెనుకబడినది. 1970 తరువాతి తొలి యేండ్లలో అమెరికాయందు పదిగేర్ల సైకిళ్ళు విరివిగ అమ్ముడుపోయెను. 1973 నాటి పెట్రోలు సంకటము ఆ యుత్సాహమునకు తోడైనది. కాని ఆ సైకిళ్ళలో అనేకములు కొన్ని నెలలు తిరిగి, షెడ్లలో చీకటిపాలయ్యెను. శతాబ్ది చివరకు పందెములలో అల్యూమినియమును, కార్బను నారయు ఉక్కును త్రోసివేసెను. ఫ్రాంక్ బౌడెన్ 1888లో నాటింగ్‌హామ్ నగరమున స్థాపించిన రాలే కంపెనీ ఒకప్పుడు వేలాది పనివారికి అన్నము పెట్టినది. 2002లో అచ్చట సైకిళ్ళ తయారీ నిలిచిపోయినది. ఆ కార్ఖానా స్థలమున నేడు నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయపు భవనములు నిలిచియున్నవి. ఆ ఆవరణము పేరు ‘జూబిలీ’ యగుట మన రజతోత్సవ సందర్భమున విచిత్రముగ తోచును.

ఉక్కు పోయినను ఉక్కుపై ప్రీతి పోలేదు. ఇంగ్లండున 1955లోనే పాతసైకిళ్ళ సంఘమొకటి పుట్టి, ఏ కంపెనీ సైకిలు ఏ సంవత్సరమున తయారైనదో ఫ్రేము సంఖ్యనుబట్టి నిర్ణయించు విద్యను పెంచుచున్నది. వార్విక్ విశ్వవిద్యాలయమున జాతీయ సైకిలు పత్రభాండాగారము కలదు. ఇటలీయందు గాయోలె ఇన్ కియాంతి అను ఊర 1997లో మొదలైన ‘లెరోయికా’ యాత్రయందు 1987కు పూర్వపు పందెపు సైకిళ్ళపైననే పాల్గొనవలెనని నియమము. అచ్చటి మట్టిబాటలపై తాతలనాటి సైకిళ్ళు ఏటేట దుమ్ము లేపుచున్నవి.

ఈ పునరుద్ధరణయందు రెండు పక్షములు కలవు. మొదటి పక్షమువారు సైకిలు పుట్టిననాడు ఎట్లుండెనో మేకు మేకునకు అట్లే యుండవలెనందురు. రెండవ పక్షమువారు తొక్కనిది సైకిలు కాదందురు. మన గ్రంథాలయముననే ఈ వివాదమునకు పోలిక కలదు. బీరువాలో తాళమువేసి దాచిన పుస్తకమును చెదలు చూచును గాని పాఠకుడు చూడడు. అట్లని అరుదైన ప్రతిని ఇష్టము వచ్చినట్లు కత్తిరించి కొత్త అట్ట వేయుటయు తప్పే. నా మతమున న్యాయమైన మార్గమిది: తిరిగి విప్పగల మార్పును నిస్సంకోచముగ చేయవచ్చును, తిరిగి రాని మార్పును ఆవశ్యకమైననే చేయవలెను, ఏది చేసినను వ్రాసిపెట్టవలెను.

ఒక తప్పు, దాని పాఠము

ఉద్యోగరీత్యా నేను కొన్ని యేండ్లు బర్మింగ్‌హామ్ నగరమున నివసించితిని. మా పొరుగున నుండిన వృద్ధుడొకరు యౌవనమున 531 గొట్టముల సైకిలుపై కార్ఖానాకును, ఆదివారము పందెములకును పోయినవారు. మోకాళ్ళ నొప్పిచేత తొక్కలేక, దానిని నాకిచ్చుచు ఒక్క షరతు పెట్టిరి: గోడకు తగిలింపరాదు, తొక్కవలెను. మన ఊరిలో బాల్యమున అద్దె సైకిళ్ళ దుకాణమున కూర్చుండి, పంక్చరు వేయుట, పుల్లలు బిగించి చక్రపు వంకర తీయుట చూచినవాడను గావున, నేనే ఓవరాయిలింగు చేయగలనని ధైర్యము వచ్చెను.

పెడళ్ళ ఇరుసును పట్టియుంచు కుడివైపు కప్పు కదలలేదు. స్పానరునకు పొడవైన గొట్టము తొడిగి, అన్ని మరలను విప్పునట్లే ఎడమకు త్రిప్పితిని. అది విప్పుట కాదు, బిగించుట. ఇంగ్లీషు ఫ్రేములలో కుడికప్పునకు ఎదురుమర యుండును. దానిని కుడికి త్రిప్పినగాని ఊడదు. నా బలమంతయు మరపై పడి, ఫ్రేము లోపలి చుట్లు నలిగిపోయినవి. అరువది యేండ్లు చెక్కుచెదరని సైకిలును నేను అరగంటలో పాడుచేసితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వృద్ధునకు ముఖము చూపుటెట్లు?

ఫ్రేములు కట్టు పనివాడొకడు దారి చూపెను. ఇంగ్లీషు కప్పు వ్యాసము 34.8 మిల్లీమీటర్లు, ఇటలీ కప్పు 36. చెడిన మరను గీకివేసి, కొంచెము పెద్దదైన ఇటలీ మరను కోయవచ్చును. అట్లే చేసెను, సైకిలు బ్రతికినది. కాని అతడు నాతో ఒక మాటనెను: “ఇకమీద ఈ సైకిలు చూచువానికి అబద్ధము చెప్పును. ఇంగ్లీషు ఫ్రేమని ఇంగ్లీషు కప్పు తెచ్చినవాడు మోసపోవును. వ్రాసిపెట్టుము.” నేను అన్ని కొలతలను, నా తప్పుతో సహా, ఒక కాగితముపై వ్రాసి, ప్లాస్టికు తొడుగులో చుట్టి, సీటు గొట్టములోనికి దూర్చితిని. చుట్ట విచ్చుకొని గొట్టపు గోడను పట్టుకొని యున్నది. నా తరువాత ఆ సైకిలును విప్పువాడు దానిని చదువుకొనును. తప్పును ఆ వృద్ధునితో ఒప్పుకొంటిని. ఆయన నవ్వి, “తొక్కుచున్నావా?” అని మాత్రమడిగిరి.

కొలతల చిక్కులు, మార్పుల క్రమము

ఇట్టి గోతులు ఈ మార్గమున పెక్కు కలవు. టైరుపై ‘28’ అనియు, రిమ్ముపై ‘27’ అనియు ఉన్నచో టైరు పెద్దదని ఎవరైన అనుకొందురు. కాని 27×1¼ రిమ్ముపై టైరు కూర్చుండుచోటి వ్యాసము 630 మిల్లీమీటర్లు. 28×1⅝×1⅜ అని ముద్రించిన టైరునకు 622 మాత్రమే. ‘పెద్ద’ టైరు ‘చిన్న’ రిమ్మునకు ఎక్కదు! మన గ్రామములలోని బరువు సైకిలునకుండు 28×1½ చక్రమునకైతే 635. అందుచేతనే అంతర్జాతీయ ప్రమాణమున అంగుళముల పేర్లు విడిచి, మిల్లీమీటర్ల సంఖ్యను టైరు ప్రక్కను ముద్రించుచున్నారు. చదువవలసినది ఆ సంఖ్యనే. మరల సంగతియు నట్టిదే. ఇంగ్లీషు కప్పులకు అంగుళమునకు 24 చుట్లు. నాటింగ్‌హాములోని రాలేవారి పాతసైకిళ్ళలో అనేకములకు 26. ఫ్రాన్సుదేశపు కప్పు 35 మిల్లీమీటర్లు. ఒకదానిలోనికి ఒకటి రెండు చుట్లు ఎక్కి, మూడవ చుట్టులో కొంప ముంచును.

నిత్యవాహనముగ మార్చు క్రమమును సంగ్రహముగ చెప్పెదను. మొదట ఫ్రేము పరీక్ష. హ్యాండిలు గొట్టమునకు వెనుక, పైగొట్టము క్రిందిగొట్టముల అడుగున వ్రేలితో తడిమిన ఉబ్బుగాని ముడుతగాని తగిలినచో, ఆ సైకిలు ఎన్నడో దేనినో గ్రుద్దుకొన్నదని గ్రహించి నిపుణునకు చూపవలెను. సీటు కడ్డీ అల్యూమినియముదైనచో ఉక్కుతో కలిసి తుప్పుపట్టి ఒకటియై యుండవచ్చును. నూనె పోసి దినములకొలది ఓపిక పట్టవలెను. బలాత్కారము పనికిరాదు. పిమ్మట బేరింగులు విప్పి, కడిగి, కొత్త గుండ్లు వేసి గ్రీజు పెట్టవలెను. పెడళ్ళ ఇరుసునకు ప్రక్కకు 11, వెనుకచక్రమునకు ప్రక్కకు 9, పావు అంగుళము గుండ్లు సాధారణముగ పట్టును.

తరువాతది బ్రేకు. మెఱుగుపూత పూసిన ఉక్కు రిమ్ములు వానలో తడిసినచో బ్రేకు రబ్బర్లను లెక్కచేయవు. నిత్యము తొక్కదలచినవానికి అల్యూమినియపు రిమ్ములు అలంకారము కాదు, ప్రాణరక్షణ. 630 రిమ్ము తీసి 622 రిమ్ము వేసినచో టైరులు ఎచ్చటనైనను దొరకును. మడ్‌గార్డునకు చోటును పెరుగును. కాని రిమ్ము అంచు 4 మిల్లీమీటర్లు క్రిందికి పోవును. బ్రేకు చేయి అంత దూరమునకు దిగునో లేదో ముందుగ చూచుకొనవలెను.

ఇక గేర్లు. అయిదు పళ్ళచక్రముల నాటి ఫ్రేమునకు వెనుకచీలికలో 120 మిల్లీమీటర్ల చోటుండును. ఆరేడు చక్రముల కాలమున 126, ఆ తరువాత 130 అయ్యెను. ఉక్కుఫ్రేమును చల్లగనే మెల్లగ విడదీసి ఈ కొత్త కొలతకు తేవచ్చును. విడదీసిన పిదప పరీక్షకు ఒక్క దారము చాలును. దారమును వెనుకచీలికలో ఒకవైపు కట్టి, ముందు హ్యాండిలు గొట్టమును చుట్టి, రెండవవైపు చీలికకు తేవలెను. సీటు గొట్టమునుండి రెండుప్రక్కల దారపు దూరము సమానమైనచో ఫ్రేము తిన్నగ నున్నట్లు. కార్బను, అల్యూమినియము ఫ్రేములను ఇట్లు లాగిన ప్రాణాపాయము. చివరకు వంపు హ్యాండిలు బదులు ఎత్తు హ్యాండిలు, మడ్‌గార్డులు, క్యారియరు, దీపము. రంగు మాత్రము చెడగొట్టరాదు. గీతలు పడినదైనను మొదటి రంగు మొదటిదే. తుడిచి మైనము పూసిన చాలును. రెండవసారి పుట్టుక లేదు.

మన ఊరు, మన బాధ్యత

ఈ విద్య మనకు పరాయిది కాదు. స్వాతంత్ర్యానంతరము ఆసన్‌సోలులో సేన్-రాలే, మద్రాసు సమీపమున అంబత్తూరులో 1949లో స్థాపితమైన టి. ఐ. సైకిల్స్, సోనీపత్తులో 1951లో అట్లాస్, లుధియానాలో 1956లో హీరో కార్ఖానాలు వెలసి, ఇంగ్లీషు బరువుసైకిలును మన గ్రామముల యింటింటికి చేర్చినవి. దాని తొడుగు అతుకులు, కడ్డీబ్రేకులు, కాటరు పిన్నులు, 635 చక్రములు అన్నియు ఆ పాత కొలతలే. ఇంగ్లండున వస్తుప్రదర్శనశాలకెక్కిన విద్య మన చెట్టుక్రింది సైకిలుషాపున మొన్నటివరకు బ్రతికియుండెను. నా బాల్యమునాటి ఆ దుకాణము నేడు లేదు. చూడకయే కోను ఎంత బిగువో వ్రేళ్ళతో చెప్పగలిగిన ఆ మేస్త్రి పోయినప్పుడు, ఒక బీరువెడు పుస్తకములు తగులబడినట్లే. ఆయన కొలతలను ఎవ్వరును వ్రాసికొనలేదు. ఎదురుమర సంగతి ఆయనకు తెలియకుండునా? నేను అడుగలేదు, అంతే.

ఇందుకు భిన్నముగ అమెరికాలోని మసచూసెట్సు రాష్ట్రమున షెల్డన్ బ్రౌన్ (1944–2008) అను సైకిలు మెకానికు, తాను ఎరిగిన టైరుకొలతలు, మరలు, ఇరుసుల వెడల్పులు పట్టికలుగ కూర్చి, ఎవ్వరినుండియు రుసుము కోరక లోకమునకిచ్చెను. ఆయన పోయినను ఆ పట్టికలవలన నేటికిని ఎన్నియో సైకిళ్ళు తుక్కుబండి ఎక్కకుండ నిలుచుచున్నవి. గ్రంథాలయోద్యమమనగా ఇదియే గదా: ఎరిగినవాడు వ్రాయుట, వ్రాసినది దాచుట, దాచినది అందఱికి ఇచ్చుట.

కావున కార్యవర్గమువారికి నాదొక విన్నపము. ఈ రజతోత్సవ స్మారకముగ మన గ్రంథాలయమున ఒక ఖాళీ పుస్తకమును తెరువవలెను. ఊరిలో మిగిలిన సైకిలు మేస్త్రీలు, మగ్గపువారు, కమ్మరులు, వడ్రంగులు తమ తమ పనులలోని కొలతలు చెప్పగా మన యువకులు అందులో వ్రాయవలెను. మొదటి పుటలో నా తప్పును నేనే వ్రాసెదను: “కుడికప్పు కుడికి త్రిప్పవలెను.” రెండవ పుట మీది.